కొత్త డిస్కు గడపకు పసుపు

మొదట ఆ చప్పుడు విన్నది అవ్వ, మా అమ్మ.

మామిడికాయ పప్పు గిన్నె పట్టుకొని నేను వాళ్ళింట్లో అడుగు పెట్టానో లేదో, "బిడ్డా, గా డబ్బాల బల్లి సొచ్చినట్టున్నది. పొద్దటి సంది టిక్కు టిక్కుమంటున్నది, జర జూడు" అంది. అమ్మగారిల్లూ, నా ఇల్లూ పక్కపక్క గల్లీలే. గోదావరి ఒడ్డున బొగ్గుగనుల వల్ల పుట్టిన ఊరు మాది. బాపు, అంటే మా నాన్న, గని దిగి పనిచేసి రిటైరైనవాడు, మా ఆయన ఇప్పుడు దిగుతున్నవాడు.

గిన్నె పక్కన పెట్టి సీపీయూ డబ్బాకు చెవి ఆనించాను. బల్లి కాదు, హార్డ్ డిస్కు. రెండు టిక్కులు, కాస్త విరామం, ఒక గురక, మళ్ళీ రెండు టిక్కులు. దాని ముందు బాపు కుర్చీలో బిగుసుకొని కూర్చున్నాడు. కుడిచేతి చూపుడువేలు కీబోర్డు మీద గాలిలోనే ఆగిపోయి ఉంది. తెర కదలడం లేదు.

"నేనేం జెయ్యలే బిడ్డా. సగం పాట కొట్టిన, గట్లనే నిలవడ్డది" అన్నాడు, నేను అడగకముందే. యంత్రాల హోరులో ముప్పై ఏళ్ళు గడిపిన చెవులు ఆయనవి. ఆ టిక్కులు ఆయనకు వినిపించనే లేదు.

ఆపి మళ్ళీ వేస్తే సగం దాకా వచ్చి ఆగింది. అంతకు మించి రాలేదు.

ఆ డబ్బాలో ఏముందో చెప్పాలి. మా ఊరికి మనుషులు నలుదిక్కుల నుంచి వచ్చారు. హుస్నాబాద్ వైపు నుంచి, ఖానాపూర్ పల్లెల నుంచి, ఆసిఫాబాద్ దాటి మరాఠీ మాట్లాడే ఊళ్ళ నుంచి, ఇంకా దూరం నుంచి. వచ్చిన ప్రతివాడూ రెండు జతల బట్టలతో పాటు నాలుగు పాటలు వెంట తెచ్చుకున్నాడు. శనివారం భజనలో ఆ పాటలన్నీ కలిసిపోయాయి. ఏ పుస్తకంలోనూ దొరకని పాటలవి. పాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. బాపు రిటైరైనాక ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి, ఎదురుగా కూర్చొని రాసుకొచ్చి, ఒంటి వేలితో టైపు చేస్తూ వచ్చాడు. ఎనిమిదేళ్ళ పని, మూడు వందలకు పైగా పాటలు. ఈ తొలి ఏకాదశికి పుస్తకం అచ్చువేయించి భజన మండలి చేతిలో పెడతానని మాట ఇచ్చాడు. ఏకాదశికి ఇంకా నెల ఉంది.

రాసుకొచ్చిన కాగితాలు ఉన్నాయి కదా అంటారేమో, లేవు. దేవుడి పేరున్న కాగితం ఎవరి కాళ్ళ కిందా పడకూడదని, ఎక్కించిన కాగితాన్ని ఎక్కించినట్టు గోదావరిలో, మా మాటలో గంగలో, కలిపి వచ్చేవాడు బాపు. ఒకసారి నేను పెన్‌డ్రైవులో ఒక నకలు తీసిపెడతానంటే, "ఇంట్లున్న దేవుణ్ణి ఎవలెత్తుకపోతరే?" అని నవ్వాడు. నేనూ మళ్ళీ అడగలేదు.

"పోయినట్టేనా బిడ్డా?" అని అడిగాడు ఆ పూట. ఆయన గొంతు అంత చిన్నగా నేను ఎప్పుడూ వినలేదు.

"పోలే బాపు. ఫికర్ వడకు. కొత్త డిస్కు తెచ్చి అందులకు మలుపుత" అన్నాను.

ఆ మాట ధైర్యం చెప్పడానికి అన్నది కాదు, నిజంగా చేయగలననే అన్నాను. చిన్నప్పుడు జ్వరం వచ్చి నా ఎడమకాలు సన్నబడింది. బడేమో రైలు పట్టాలకు అవతల. నన్ను ఎత్తుకొని దింపి రావడానికి షిఫ్టులు కుదరక, బాపు బడినే ఇంట్లోకి తెచ్చాడు. తలుపు వెనక సుద్దముక్కతో అక్షరాలు, ఎక్కాలు నేర్పాడు. రేడియో పాడైతే విప్పి నా ముందు పెట్టేవాడు. "విప్పుడు ఎవలకైనా వస్తది. ఏది ఎక్కడిదో యాదుంచుకునుడే సదువు" అనేవాడు. స్క్రూలు కలవకుండా అవ్వ తన పాత పోపుల డబ్బా ఇచ్చింది. ఒక్కో గిన్నెలో ఒక్కో రకం. ఆ డబ్బా ఇప్పటికీ నా దగ్గరే ఉంది. బడి మెట్లు ఎక్కలేదన్న చింత నాకు లేదు. నాకు దొరికినంత గొప్ప బడి ఎవరికి దొరుకుతుంది? దేవుడు కాలి దగ్గర తీసుకున్నది చేతుల్లో పెట్టాడు అనుకుంటాను.

మర్నాడే కరీంనగర్ బస్సెక్కాను. ఆ కంప్యూటర్ కొన్న దుకాణం ఇంకా ఉంది. దారం కట్టిన కళ్ళజోడు మెడలో వేలాడేసుకొని అదే యజమాని కూర్చొని ఉన్నాడు, జుట్టు మాత్రం తెల్లబడింది.

"గది ఇంక నడుస్తున్నదా అక్కా? దాని ఈడువన్ని ఎప్పుడో తూకానికి పోయినయ్" అన్నాడు.

"మా బాపు వేలు దానికే మరిగింది. గా తెలుగు కొట్టే సాఫ్ట్‌వేర్ ఎక్కిచ్చినాయన దుకాణమే ఎత్తేసిండు. పాతదాంట్ల ఉన్నది ఉన్నట్టు కొత్తదాంట్లకు రావాలె."

"గట్లయితే ఎస్సెస్డీ వేసుకోరాదుండ్రి. ఇందుల తిరిగే చక్రం ఉండది, టిక్కుమనేది ఉండది." పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి నకలు తీసే ప్రోగ్రాం ఒకటి పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చాడు. తర్వాత కళ్ళజోడు తీసి చెప్పాడు: "ఒక్క మాట యాదుంచుకోండ్రి. టిక్కుమనే డిస్కును ఊకె లేపద్దు. లేపిన కొద్ది ఇంతింత సచ్చిపోతది. డబ్బ ఇక్కడికి తెస్తే నేనే జేసిస్త."

"బస్సుల తెస్తే తొవ్వపొంటి గుంతలకే ఉన్న పానం పోతది. నేనే వేస్త."

"స్క్రూడ్రైవర్ ఉన్నదా?"

"మూడున్నయ్."

ఆయన డిస్కును అట్టపెట్టెతో సహా నా చేతిలో పెట్టాడు.

కొత్త డిస్కు ఎంతో చిన్నది. పూజగదిలో పెట్టుకునే చిన్న పటమంత, చేతిలో పట్టుకుంటే బరువే లేదు. మర్నాడు గురువారం. స్నానం, పూజ ముగించుకొని అమ్మగారింటికి వెళ్ళి, తీగలన్నీ పీకి డబ్బా విప్పాను. మా ఊళ్ళో దుమ్ము కూడా నల్లగానే ఉంటుంది. ఫ్యాను రెక్కల మీద బొగ్గు పొర వేలెడు మందాన పేరుకుంది. కుంచెతో దులిపి, ఒంట్లోని కరెంటు పోవడానికి ఇనుప చట్రాన్ని ఒకసారి ముట్టుకొని, పనిలోకి దిగాను. స్క్రూలు పోపుల డబ్బాలోకి చేరాయి. ఇన్నేళ్ళు పట్టు వదలకుండా ఉన్నందుకు ఒక్కోదానికీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

కొత్త వస్తువు ఏదైనా బొట్టు పెట్టకుండా మేము వాడం. కొత్త డిస్కుకు పెట్టబోయి ఎక్కడ పెట్టాలా అని ఆగాను. పైన పెడితే లేబుల్ మీది గ్యారంటీ అంకెలు మాసిపోతాయి. వెనక స్క్రూ రంధ్రాలున్నాయి. ఒక అంచున మాత్రం సన్నటి చీలిక, అందులో వరసగా మెరిసే గీతలు. లోపలికి ఏది పోవాలన్నా, బయటికి ఏది రావాలన్నా అక్కడి నుంచే. అంటే అది దాని గడప. గడపకు పసుపు పెట్టాలని నాకు ఒకరు చెప్పాలా? తడి పసుపు చిటికెన వేలితో సన్నగా పూసి, మధ్యలో కుంకుమ చుక్క పెట్టాను. నీళ్ళకూ కరెంటుకూ పడదని తెలుసు కాబట్టి పావుగంట ఎండలో ఆరబెట్టాను కూడా. అంత జాగ్రత్త నాది.

"సక్కగ వెట్టినవ్ బిడ్డా" అంది అవ్వ.

దుకాణం ఆయన ఇచ్చిన రేకు చట్రంలో డిస్కును బిగించి, వాడకుండా పడి ఉన్న సీడీ డ్రైవు కరెంటు తీగ దానికి తగిలించాను. కొత్త డేటా కేబుల్ పెట్టాను. పెన్‌డ్రైవు గుచ్చి స్విచ్ వేశాను. తెర మీద డిస్కుల పట్టిక వచ్చింది. పాతది ఒక్కటే ఉంది, కొత్తది లేదు.

ఆపి కేబుల్ మార్చాను. లేదు. ఇంకో రంధ్రంలో గుచ్చాను. లేదు. సీడీ డ్రైవు డేటా కేబుల్ పీకి పెట్టాను. లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ పాత డిస్కు టిక్కు టిక్కుమంటూ లేచేది. నాలుగోసారికి దాని గురక సాగింది. చూడాల్సింది కొత్తదాన్నయితే పాతదాని కరెంటు తీగ పీకి పెట్టాలి కదా! ఆ పాటి ఆలోచన ఆ పూట నాకు తట్టలేదు.

"బిడ్డా, గాయన ఊకె లేపద్దన్నడంటివి గద?" అన్నాడు బాపు.

"నాకెరుకే బాపు. ఖరాబుది అంటగట్టిండు గాయన. రేపు పోయి కడుగుత" అని ఇంకొకసారి వేశాను. ఆ తర్వాత మరొకసారి.

మర్నాడు కరీంనగర్ దాకా బస్సులో తిట్లు పేర్చుకుంటూనే వెళ్ళాను. చెప్పకేం, నేను తిట్టే మనిషిని కాను. అందుకే వాటిని ముందుగా తయారు చేసుకోవాల్సి వచ్చింది. దుకాణంలో డిస్కు బల్ల మీద పెట్టి, "కొత్తది అడిగితే సచ్చినదిస్తరా?" అన్నాను. అది మొదటి వాక్యం. ఇంకా ఏడెనిమిది ఉన్నాయి.

ఆయన కళ్ళజోడు పెట్టుకొని డిస్కును దీపం కిందకు తీసుకున్నాడు. అంచును చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ అంచును చూశాడు.

"అక్కా, గిదేంది?"

"పసుపు. గడపకు వెట్టిన."

"దేని గడపకు?"

చెప్పాను. చెబుతుండగానే నాకు అర్థమైపోయింది. మిగతా వాక్యాలు గొంతులోనే ఉండిపోయాయి. ఆయన నవ్వలేదు, నవ్వు ఆపుకోవడానికి కొంచెంసేపు గోడ వైపు తిరిగాడు.

"ఇరువై ఏండ్ల సంది దుకాణం నడుపుతున్న. సీపీయూల ఎలుక గూడు జూసిన, అగరొత్తుల బూడిద జూసిన. గడపకు పసుపు వెట్టినోళ్ళను ఇయ్యాలనే జూస్తున్న." దూదిని స్పిరిటులో ముంచి మెల్లగా తుడిచాడు. తర్వాత పిల్లలు పెన్సిల్ రాత చెరిపే రబ్బరును కొసగా కోసి, ఒక్కో గీతనూ రుద్దాడు. "పసుపు మంచిదే అక్కా. గాని గీ గీతల మీదున్నది బంగారం పూత. బంగారానికి మల్ల పసుపెందుకు, చెప్పుండ్రి?"

అప్పుడు ఇద్దరం నవ్వాం. డిస్కును తన కంప్యూటర్‌కు తగిలించి చూపించాడు. పట్టికలో వెంటనే కనిపించింది. చాయ్ తెప్పించాడు. తాగుతూ ఉండగా అడిగాడు: "పాతదాన్ని ఎన్నిసార్లు లేపిన్రు?"

"ఆరుసార్లు."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "సరే. ఇగ ఒక్కటేసారి లేపుండ్రి. నకలు అయ్యేదాక ఆపకుండ్రి" అని మాత్రం అన్నాడు.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కనే కూర్చున్నా ఏ ఊరు వచ్చిందో చూడలేదు. నా చేతి తప్పు బాపు పనికి తగలనివ్వకు స్వామీ అని అదొక్కటే అనుకుంటూ ఉన్నాను. మొక్కులు మొక్కలేదు. బేరం పెట్టడం నాకు చేతకాదు. అడిగాను, అంతే.

శనివారం పొద్దున నకలు మొదలుపెట్టాం. ఈసారి కొత్తది పట్టికలో రెండో వరసలో నిలబడింది. టేబుల్ ఫ్యాను తెచ్చి పాత డిస్కు మీదికి గాలి తిప్పాను, జ్వరం వచ్చినవాళ్ళకు విసిరినట్టు. బాపు పక్కనే కుర్చీ వేసుకొని తులసిమాల తిప్పుతూ కూర్చున్నాడు. అవ్వ ఆ గదిలో ఎవరినీ గట్టిగా మాట్లాడనివ్వలేదు. తెర మీది అంకె ఒక్కో మెట్టు ఎక్కుతోంది. మధ్యాహ్నానికి సగం. మాకు అన్నం కూడా అవ్వ అక్కడికే తెచ్చి పెట్టింది. తొంభై దాటాక అంకె కదలకుండా ఆగింది. టిక్కు, టిక్కు, గురక. బాపు వేళ్ళ మధ్య మాల కూడా ఆగింది. తర్వాత కొన్ని చోట్లు చదవలేక వదిలేసినట్టు తెర మీద ఒక వరస వచ్చి, అంకె మళ్ళీ కదిలి, దీపాలు పెట్టే వేళకు నూరు చేరింది.

ఆ వెంటనే పాత డిస్కు పెద్ద గురక పెట్టి ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు. తన పని అయ్యేదాకా ఉన్నందుకు దానికి రెండు చేతులా దండం పెట్టి, తీగలు పీకి బయటికి తీశాను.

కొత్తదానితో స్విచ్ వేశాను. బాపు కళ్ళజోడు వెతుక్కొని పెట్టుకునేలోపే తెర మొత్తం వచ్చేసింది.

"అప్పుడే వచ్చిందా? నేను స్విచ్ వేసి తానానికి పోయెటోన్ని. ఇగ తానం ఎప్పుడు జెయ్యాలె?" అన్నాడు.

"పొద్దుగాల లేవంగనే జెయ్యి, అందరు జేసినట్టు" అంది అవ్వ.

ఆ నవ్వులతోనే పాటలు ఒక్కొక్కటిగా తెరిచాం. ఎవరు ఏ ఊరినుంచి తెచ్చారో ఆ ఊరి పేరుతో బాపు వాటిని విడివిడిగా పెట్టుకున్నాడు. హుస్నాబాద్ వాళ్ళవి అన్నీ తెరుచుకున్నాయి. ఖానాపూర్ వాళ్ళవి తెరుచుకున్నాయి. ఆసిఫాబాద్ వాళ్ళవి కూడా తెరుచుకున్నాయి, ఒక్కటి తప్ప. పాండురంగడి పాట. ఏకాదశి నాడు పాడాల్సిందని బాపు పుస్తకంలో మొదటి పేజీకి పెట్టుకున్న పాట. ఎన్ని విధాల ప్రయత్నించినా అందులో పిచ్చి గుర్తులు తప్ప అక్షరం లేదు.

"రాగం నోట్లె ఉన్నది బిడ్డా, మాటలు లేవు" అన్నాడు బాపు.

నేను దాచలేదు. గడప సంగతి, పసుపు సంగతి, ఆరుసార్లు లేపడం, దుకాణం ఆయన గ్లాసు కింద పెట్టడం, అన్నీ చెప్పాను. "గా పాట నా వల్లనే పోయింది బాపు" అన్నాను.

ఆయన మాలను మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గనిల కొత్త దీపాలొస్తే మేం గూడ అద్దానికే బొట్టు వెట్టినం. ఏం కనవడ్తదిరా అని పని జూసే సర్దార్ తిట్టిండు" అన్నాడు. "ఎవల మీద కోపం జెయ్యాలె బిడ్డా? కాగితాలు గంగల కలిపింది నేను. పసుపు వెట్టింది నువ్వు. ఇద్దరం దేవునికే జేసినం."

ఆ మాటకు నేను దేవుడికి ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను.

ఆ పాట ఇచ్చినవాడు ఉన్నాడు. బాపుతో ఒకే షిఫ్టులో పనిచేసిన మరాఠీ స్నేహితుడు, రిటైరై ఆసిఫాబాద్ వెళ్ళిపోయాడు. కానీ ఇద్దరికీ ఏడేళ్ళుగా మాటల్లేవు. ఆయన వెళ్ళిపోయే ముందు, ఈ పాట రాయించిన రోజుల్లోనే, మండలి హార్మోనియం ఎవరింట్లో ఉండాలన్న దగ్గర చెడింది.

"ఫోన్ జెయ్యి" అంది అవ్వ.

"నేనెందుకు జేస్త? హార్మోనియం తీస్కపోతనన్నది ఆయన."

"తీస్కపోనియ్యకపోతివి. బీరువ మీద దుమ్ము వట్టవెడ్తివి. ఏడేండ్లల ఒక్కనాడన్న వాయించినవా?"

"నాకు రాదు గద!"

"గదే నేననేది" అంది అవ్వ.

నేనే నంబరు కలిపి, స్పీకరు పెట్టి, ఫోను బాపు చేతిలో ఉంచాను.

"ఎవలు?" అంది అవతలి గొంతు.

"నేనే."

"నేనే అంటే ఎవల్రా? ఏడేండ్ల సంది నేనే అనేటోడు నాకు లేడు."

బాపు ఫోనును నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "భావూ, నీ పాట పోయింది" అన్నాడు. గనిలో ఆయన్ని అందరూ పిలిచే పిలుపు అది, మరాఠీలో అన్న అని.

"నా పాట యాడికి వోతది? నా నోట్లున్నది. పోయింది నీ డబ్బాలది" అని వినిపించింది. ఆ వెంటనే గొంతు సవరించుకున్న చప్పుడు. ఇంకేమీ అడగకుండానే ఆయన పాట ఎత్తుకున్నాడు.

నేను కీబోర్డు ముందుకు జరిగి పది వేళ్ళతో అందుకున్నాను. బాపు బల్ల మీద తాళం వేశాడు. ఒక చరణం, రెండు, మూడు. మూడు అయ్యాక నేను చేతులు తీయబోతుంటే అవతల నాలుగోది మొదలైంది. ఇటుక మీద నిలబడి భక్తుల కోసం ఎదురుచూసే దేవుణ్ణి, ఇంక కూర్చో తండ్రీ, మేమందరం వచ్చేశాం అని బతిమాలే చరణం.

తాళం ఆగింది. "ఆగు భావూ. గీ నాలుగోది నాకెన్నడు పాడలే."

"పాడలే. హార్మోనియం నీ ఇంట్ల వెట్టుకుంటివి గద, గా కోపానికి ఒకటి మింగిన."

బాపు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏకాదశికి రా. నీ హార్మోనియం నువ్వు తీస్కపో" అన్నాడు.

"తీస్కపోను. వచ్చి వాయిస్త. గాని దుమ్ము దులిపి పెట్టు, నాకు దగ్గున్నది."

పాత డిస్కు బతికి, పాట తెరుచుకొని ఉంటే, మూడు చరణాలతోనే పుస్తకం అచ్చయ్యేది. పోయినచోట ఒకటి ఎక్కువ ఇచ్చినవాడికి ఎన్నిసార్లు దండం పెట్టుకున్నా నాకు చాలదు. ఆ రోజే అన్నీ పెన్‌డ్రైవులో నకలు తీశాను. ఈసారి బాపు ఎదురు చెప్పలేదు.

డబ్బా మూసి స్క్రూలు బిగిస్తుంటే బాపు పాత డిస్కును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందుల దేవుని పేర్లున్నయి గద బిడ్డా. చెత్తల వెయ్యరాదు. గంగల కలిపి రానా?"

"వద్దు బాపు. గంగల కలిపింది సాలు" అన్నాను.

దాన్ని పూజగదిలో పటాల పక్కన పెట్టాం. దాని గడపకు ఇప్పుడు పసుపు పెట్టినా ఏ ప్రమాదమూ లేదు. పెట్టాను.